కొలరాడోలో నవంబర్ ఆఖర్లో ఎల్క్ వేట: క్యాంప్ కొండ పైన వెయ్యాలా, కింద వెయ్యాలా?

మీకు లాటరీ డ్రాలో ఫోర్త్ రైఫిల్ సీజన్ (నవంబర్‌లో రైఫిల్‌తో వేటాడే నాలుగో విడత) బుల్ ట్యాగ్, అంటే మగ ఎల్క్‌ని (పెద్ద దుప్పి లాంటి జింక జాతి జంతువు) కొట్టే పర్మిట్ వచ్చింది, ఫ్లాట్ టాప్స్ కొండల వైపు నేషనల్ ఫారెస్ట్‌లో ఫ్రెండ్‌తో కలిసి వెళ్తున్నారు, క్యాంప్ ఎక్కడ వెయ్యాలని అడిగారు. కిందే వెయ్యండి అండి. కానీ దానికంటే ముందు, ఎల్క్‌ని కొట్టాక ఆ మాంసం బండి దాకా ఎలా తెస్తారో తేల్చుకోండి, నేనైతే ప్లాన్ మొత్తం అక్కడి నుంచే వెనక్కి వేసుకుంటూ వస్తా.

పెద్ద బుల్ 300 కిలోలు ఉంటుంది, ఎముకలు తీసేసినా దగ్గర దగ్గర 80, 90 కిలోల మాంసం, మోకాలి లోతు మంచులో మనిషి వీపు మీద ముప్పై కిలోలు పెట్టుకుని నడవడమే గగనం. తినే మాంసం అడవిలో వదిలేసి రావడం అక్కడ నేరం కూడా. అందుకే మ్యాప్‌లో రోడ్డు నుంచి రెండు మైళ్ళ లోపు చోట్లే గుర్తు పెట్టుకుంటా, వాటిల్లో కూడా తిరిగొచ్చేటప్పుడు లోయలోకి దిగి మళ్ళీ ఎక్కాల్సి వచ్చేవి తీసేస్తా. గేట్లు మూసేసే ఫారెస్ట్ రోడ్లు చాలా ఉంటాయి, ఏది ఎప్పటిదాకా తెరిచి ఉంటుందో ఫారెస్ట్ సర్వీస్ వెహికల్ మ్యాప్‌లో ఉంటుంది చూడండి. నాలుగు టైర్లకీ చెయిన్లు, ఒక పార తప్పనిసరి. ఒక్క రాత్రి మంచు గట్టిగా పడితే పైన వేసిన క్యాంప్‌లోంచి బండి బయటికి రాదు, కింద వెయ్యమంటున్నది అందుకే.

ఇక ఎల్క్ ఎక్కడ ఉంటాయంటే, ఆడవి గుంపులు గుంపులుగా కింద ప్రైవేట్ రాంచ్‌ల గడ్డి మీదికి దిగిపోతాయి, వాటిని చూస్తూ కంచె బయట పొద్దు గడిపెయ్యకండి. పెద్ద బుల్స్ సెప్టెంబర్‌లో జతకట్టే సీజన్‌లో కొవ్వంతా కరిగిపోయి ఉంటాయి, వాటికి కావాల్సింది తిండి, మనిషి రాని చోటు, అంతే. ఒక్కటో, రెండు మూడో కలిసి ఆడవాటి కంటే పైనే, మంచు ఎక్కువున్న చోటే ఉండిపోతాయి. దక్షిణం వైపు వాలు మీద ఎండకి మంచు కరిగి గడ్డి తేలుతుంది, దాన్ని ఆనుకుని చిక్కటి చెట్లున్న చోటు చూసుకుని, ఎదుటి కొండ మీద ట్రైపాడ్‌కి బైనాక్యులర్ పెట్టి తెల్లవారకముందే కూర్చోండి. మొత్తం జంతువు కనపడదు, చెట్ల మధ్య లేత పసుపు రంగు మచ్చ కనిపిస్తుంది, కాసేపటికి అది కదులుతుంది. ఎండెక్కితే గాలి పైకి, సాయంత్రం కిందికి వీస్తుంది, దాన్ని బట్టే దగ్గరికి వెళ్ళండి. అప్పటికి సూర్యుడు ఐదు లోపే అస్తమిస్తాడు, మధ్యాహ్నం మూడు తర్వాత కొడితే పనంతా హెడ్‌ల్యాంప్ వెలుగులోనే.

చలి కదా మాంసం పాడవదులే అనుకుంటారు చాలామంది. అస్సలు కాదు. పోయినేడాది మా ఫ్రెండ్ కొట్టిన బుల్ తొడ దగ్గర తోలు కోస్తుంటే చేతి తొడుగుల్లోంచి కూడా వేడి తగిలింది, బయటేమో బాటిల్లో నీళ్ళు గడ్డ కట్టేశాయి. ఆ తోలు అంత మందం, లోపలి వేడిని బయటికి పోనివ్వదు, అలాగే వదిలేస్తే తుంటి ఎముక చుట్టూ మాంసం పులిసిపోతుంది. వెంటనే తోలు ఒలిచి, కాళ్ళు విడదీసి, గేమ్ బ్యాగ్‌లలో (గాలి ఆడే గుడ్డ సంచులు) వేసి మంచు మీద కాకుండా కొమ్మల మీద పెట్టండి, కింద నుంచి గాలి ఆడాలి. మగదని తెలిసే గుర్తు (వృషణాల్లాంటిది) మాంసానికి అంటుకునే ఉండాలి, దాన్ని కొయ్యకండి.

మీరు హెచ్‌1బీ మీద ఉంటే ఇంకో మాట. ఫెడరల్ చట్టం ప్రకారం వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ పెట్టుకోకూడదు, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. సీజన్ అయ్యాక కూడా రైఫిల్ ఇంట్లోనే ఉంటుందంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడగండి, స్టేటస్‌తో ఆటలొద్దు.

తిరిగొచ్చాక తలని పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ (రాష్ట్ర వన్యప్రాణి శాఖ) వాళ్ళకిచ్చి సీడబ్ల్యూడీ (జింక జాతి జంతువుల మెదడుకి వచ్చే ప్రాణాంతక జబ్బు) టెస్ట్ చేయించండి. రిజల్ట్ వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లోనే ఉండాలి, ఎవరెంత అడిగినా అప్పటిదాకా పంచకండి.