సూదికి ముందు ఆ సిరను ఒకసారి చూడు

అమ్మా,

నల్లగొండలో మత్తు డాక్టరుగా చేరిన సంగతి రాశావు, చాలా సంతోషం. స్పైనల్ (నడుములో ఇచ్చే మత్తు సూది) ఇచ్చిన కాసేపటికే బీపీ పడిపోతోందని, ముందే పసిగట్టే దారి ఉందా అని అడిగావు. ఉంది. అల్ట్రాసౌండ్‌తో ఐవీసీని, అంటే ఒంటి కింది భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను చూడు.

స్పైనల్‌తో కాళ్లలోని రక్తనాళాలు వదులై, గుండెకు తిరిగి చేరే రక్తం తగ్గుతుంది. అసలే ఒళ్లు ఎండిన వాళ్లు ఆ దెబ్బకు తట్టుకోలేరు. మే నెలలో దేవరకొండ వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లను చూడు: రాత్రి నుంచి చుక్క నీరు ముట్టకుండా మధ్యాహ్నం దాకా వంతు కోసం పడుకుని ఉంటారు. కడుపులో ఇబ్బంది ఏమీ లేనివాళ్లు ఆపరేషన్‌కు రెండు గంటల ముందు వరకు మంచినీళ్లు తాగవచ్చని వార్డుకు నువ్వే వెళ్లి చెప్పు. స్కానింగ్ కన్నా ముందు చేయవలసిన పని అది.

ఇక కొలత. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, ప్రోబును (స్కానింగ్ యంత్రంలో ఒంటికి ఆనించే భాగాన్ని) రొమ్ము ఎముక కింద ఉంచి, ఐవీసీ గుండెలో కలిసే చోటు పట్టుకో. అక్కడికి రెండు మూడు సెంటీమీటర్ల ఇవతల, కదలికను గీతలుగా చూపే ఎం-మోడ్‌లో కొలిచి చూడు. గట్టిగా నొక్కకు. ఊపిరి మామూలుగానే తీసుకోనివ్వు. గాఢంగా పీలిస్తే ఎవరి సిరైనా ముడుచుకుంటుంది. ఎక్కువ వెడల్పు 18 మిల్లీమీటర్లు, తక్కువ వెడల్పు 9 అయితే 50 శాతం ముడుచుకుంటోందన్న మాట. అలాంటప్పుడు బీపీ పడుతుందనే లెక్కతో, దాన్ని పెంచే మందు సిరంజిలో సిద్ధంగా పెట్టుకో. ప్రమాదపు గీత ఎక్కడన్నది పరిశోధకులు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. అందుకే వయసు, వాడే బీపీ మాత్రలు, పోయిన రక్తం అన్నీ కలిపి ఆలోచించు. సిర ముడుచుకోలేదు కదా అని నిశ్చింతగా కూర్చోకు.

నాకు ఈ కొలతలో ఎక్కువ విలువైనది మరొకటి. గుండె బలహీనమైన వాళ్లలో సిర ఉబ్బి, కదలకుండా కనిపిస్తుంది. వాళ్లకు ముందుజాగ్రత్త పేరుతో సెలైన్ పోస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఆ పొరపాటును ఈ రెండు నిమిషాల చూపు ఆపుతుంది.

నిండు గర్భిణుల విషయంలో మాత్రం దీన్ని నమ్ముకోకు. గర్భసంచే ఆ సిరను నొక్కుతుంది, చూడడమూ కష్టం. సిజేరియన్‌కు ఎడమవైపు కాస్త ఒరిగించి, స్పైనల్ ఇచ్చిన వెంటనే బీపీని నిలబెట్టే ఫినైలెఫ్రిన్ మందు మొదలుపెట్టు; పై బీపీ మొదట ఉన్నదానిలో 90 శాతం కన్నా తగ్గనివ్వకు. గర్భిణికి ఏ స్కానింగ్ చేసినా పీసీపీఎన్డీటీ చట్టం (గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించే చట్టం) ప్రకారం ఆ స్కానింగ్ వివరాలు రాసే ఫారం ఎఫ్ నింపాలి, యంత్రం నమోదై ఉండాలి.

మర్రిగూడ ప్రాంతం నుంచి ఫ్లోరోసిస్‌తో నడుము బిగుసుకుపోయిన వాళ్లు వస్తారు. సూది దారి దొరక్కపోతే అదే యంత్రంతో వెన్నుపూసల సందు వెతుకు. మొదట్లో తీసిన ఐవీసీ బొమ్మలు, రోగి పేరు తీసేసి, నాకు పంపు. చూసి చెబుతాను.

మీ పెదనాన్న