మొదటి కిల్ట్ కొనేటప్పుడు టార్టాన్ సంగతి తర్వాత, ముందు బట్ట పట్టుకుని చూడండి

వచ్చే వేసవిలో స్కాటిష్ స్నేహితుడి పెళ్ళికి కిల్ట్ (స్కాట్లండ్ మగవాళ్ళు నడుము నుంచి మోకాళ్ళ దాకా కట్టుకునే కుచ్చెళ్ళ బట్ట) వేసుకుని వెళ్ళాలి, మనకి క్లాన్ (స్కాటిష్ వంశం) అంటూ ఏమీ లేదు కదా, ఏ టార్టాన్ (గళ్ళ నమూనా) వేసుకుంటే ఎవరూ తప్పు పట్టరు, అసలు కొనాలా అద్దెకి తీసుకోవాలా అని మీరు అడిగారు. నేను చాలా ఏళ్ళుగా ఎడిన్‌బరాలో ఉంటున్నాను. ఇక్కడి పెళ్ళిళ్ళకీ, మన ఉగాది కార్యక్రమానికీ కూడా నాకున్న ఒకే ఒక్క కిల్ట్ వేసుకునే వెళ్తాను.

టార్టాన్ విషయం ముందే తేల్చేస్తాను. ఎవరూ తప్పు పట్టరు. రాజకుటుంబం తమ కోసం ఉంచుకున్న బాల్మొరల్ లాంటి వాటి జోలికి పోకండి, చాలు. ఇంటిపేరుకో టార్టాన్ అన్న పట్టింపు జనం అనుకునేంత పాతదేమీ కాదు. 1746లో చట్టం చేసి స్కాట్లండ్ మగవాళ్ళు, సైన్యంలో ఉన్నవాళ్ళు తప్ప, ఈ హైలాండ్ (ఉత్తరాది కొండ ప్రాంతం) దుస్తులు వేసుకోకూడదన్నారు. 1782లో ఆ చట్టం ఎత్తేశారు. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వచ్చినప్పుడు, నవలా రచయిత వాల్టర్ స్కాట్ పూనుకుని ఊరంతటికీ టార్టాన్ కట్టించాడు. ఏ క్లాన్‌కి ఏ గళ్ళు అన్న లెక్క గట్టిపడింది ఆ కాలంలోనే. మీకు బ్లాక్ వాచ్ అనే టార్టాన్ బాగుంటుంది, ఐల్ ఆఫ్ స్కై అనేది కూడా బాగుంటుంది. మీరు ఉండే ఊరి మీద మమకారం ఉంటే ఎడిన్‌బరాకీ, అబర్డీన్‌కీ వాటి టార్టాన్లు వాటికున్నాయి. ప్రభుత్వమే నడిపే స్కాటిష్ రిజిస్టర్ ఆఫ్ టార్టాన్స్ ఉంది, అందులో వెతుక్కోవచ్చు. ఒకే టార్టాన్ ముదురు రంగుల్లో 'మోడరన్' అనీ, వెలిసినట్టుండే రంగుల్లో 'ఏన్షియెంట్' అనీ దొరుకుతుంది. ఫోన్‌లో ఫొటో చూసి ఎంచుకోకండి, బట్ట ముక్క తెప్పించుకుని పగటి వెలుతురులో చూడండి.

మీరు అసలు అడగాల్సింది బట్ట గురించి. ఆన్‌లైన్‌లో జనం టార్టాన్ పేరు మీద గంటలు గంటలు వాదించుకుంటారు గానీ, గజం ఎంత తూగుతుంది, కుట్టు చేతిదా మెషీన్‌దా అని ఒక్కరూ అడగరు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

నా కిల్ట్ కొలతలకి వెళ్ళిన రోజు మా నాన్న నా వెంట ఉన్నారు. చీరాలలో జీవితమంతా బట్టల కొట్టు నడిపిన మనిషి. మమ్మల్ని చూడ్డానికి వచ్చి, కోటలూ కొండలూ అక్కర్లేదు, ఇక్కడి నేత చూపించమన్నారు. పెర్త్ దగ్గర చిన్న ఊళ్ళో, ఇంటి వెనక గదిలో ఒక పెద్దావిడ కిల్టులు కుడతారు. బల్ల మీద సగం కుట్టిన కిల్ట్ ఒకటి పరిచి ఉంది. నాన్న కొస పట్టుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపారు. పిడికిట్లో గట్టిగా నొక్కి వదిలారు. ముడత పడలేదు. తర్వాత కింది అంచు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "ఇదేంట్రా, అంచు మడిచి కుట్టలేదు? నాలుగు రోజులకే పోగులు ఊడిపోవూ?" అన్నారు.

ఆవిడకి అదే చెప్పాను. వెంటనే బట్టని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించారు. అది కోసిన అంచు కాదు, మగ్గం మీద పేక మళ్ళిన అంచు. మంచి కిల్ట్‌కి కింద మడత ఉండదు, నేత అంచే కింది అంచు. మిల్లు నుంచి డబల్ పన్నాలో వచ్చిన బట్ట నాలుగు గజాలు తీసుకుని, నిలువునా రెండుగా చీల్చి, ఆ రెండు ముక్కల్నీ ఒక కుచ్చెలో కనపడకుండా కలిపితే ఎనిమిది గజాలవుతుంది. ఎనిమిది గజాల కిల్ట్ అంటే అదే. నాన్న తల ఊపి, "గజం ఎంత తూగుతుందో కనుక్కో" అన్నారు. పదహారు ఔన్సులు, అంటే దాదాపు 450 గ్రాములు. "సరే, లోపలివైపు చూపించమను." బట్టల కొట్టు మనిషి దేన్నయినా తిరగేసే చూస్తాడు.

తిరగేస్తే పనితనమంతా అక్కడుంది. నడుము నుంచి తుంటి దాకా కుచ్చెళ్ళు పైకి వెళ్ళేకొద్దీ సన్నమవుతాయి. అక్కడ మిగిలిన బట్టని లోపల కోసేసి, గట్టి కాన్వాస్ వేసి చేత్తో కుట్టారు. బెల్టులు బిగించినప్పుడు ఆ లాగుడంతా కాన్వాస్ మీద పడుతుంది, కుచ్చెళ్ళ మీద పడదు. వెనక నుంచి చూస్తే అన్ని మడతలు పెట్టినా గళ్ళు ఎక్కడా తెగలేదు, అడ్డచారలు ఒక కుచ్చె మీంచి పక్క కుచ్చె మీదికి గీత గీసినట్టు సాగిపోతున్నాయి. నాన్న చూపుడువేలు ఆ చార మీద పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి జరుపుకుంటూ వెళ్ళారు. మీరు ఏ షాపుకి వెళ్ళినా ఈ పని చేయండి. చార ఎక్కడన్నా మెట్టు దిగినట్టు కనపడితే ఆ కిల్ట్ అక్కడే వదిలేయండి.

పది, పదకొండు ఔన్సుల బట్ట వద్దేవద్దు. కూర్చుని లేస్తే నలిగిపోతుంది, గాలికి లేస్తుంది. పదమూడు ఔన్సులు పరవాలేదు, కేలీలో (స్కాటిష్ డాన్సుల విందులో) రాత్రంతా డాన్స్ చేసేవాళ్ళు అదే ఇష్టపడతారు. నన్నడిగితే పదహారే. బరువైన పట్టుచీర కుచ్చెళ్ళు ఎలా నిలబడతాయో ఇదీ అలాగే నిలబడుతుంది. వేసవిలో ఉక్క పోస్తుందేమో అని టెన్షన్ పడకండి, స్కాట్లండ్ వేసవి మీకు తెలిసిందే.

ఎడిన్‌బరాలో రాయల్ మైల్ వీధి పొడవునా యాభై పౌండ్ల లోపు కిల్టులు వేలాడుతుంటాయి. చాలావరకు అక్రిలిక్. ఆ డబ్బుతో ఒక పూట మంచి భోజనం చేయండి. అద్దెకయితే జాకెట్‌తో కలిపి ఒక్క పెళ్ళికే ఎనభై, వంద పౌండ్లు అడుగుతున్నారు, పైగా పది మంది నడుములకి సరిపెట్టిన బట్ట. ఊలు బట్టతో, చేతికుట్టుతో కొలిచి కుట్టించుకుంటే 500 పౌండ్ల పైనే అవుతుంది, నిజమే. కానీ ఆ డబ్బు సెల్కర్క్ లాంటి ఇక్కడి ఊళ్ళలో నేసేవాళ్ళకీ, చేత్తో కుట్టేవాళ్ళకీ వెళ్తుంది. చేనేత ఊళ్ళో పుట్టినవాడిగా నాకు అది ముఖ్యం. మీకూ ముఖ్యం కావాలని గట్టిగా అంటాను.

కొలతల దగ్గర ఒక్క మాట. జీన్స్ సైజు చెప్పకండి. కిల్ట్ కట్టేది బొడ్డు దగ్గర, ప్యాంటు నిలిచే చోట కాదు. నా స్నేహితుడొకడు ఆన్‌లైన్ ఫారంలో ప్యాంటు సైజు నింపి తెప్పించుకుంటే ముందు భాగం సగం దూరం కూడా రాలేదు, వాళ్ళు వెనక్కీ తీసుకోలేదు. నడుము, తుంటి దగ్గర వెడల్పయిన చోటు, నడుము నుంచి మోకాలి చిప్ప మధ్య దాకా పొడవు, ఈ మూడూ ఇంకొకరు కొలవాలి. మీరే వంగి చూసుకుంటే పొడవు తప్పుతుంది.

ఇక మనవాళ్ళు ఎక్కడ కనపడినా 'లోపల ఏం వేసుకుంటారు' అని అడుగుతారు. పంచె కట్టుకున్న పెద్దాయన్ని ఎవరన్నా అలా అడుగుతారా? ఇది ఒక ప్రాంతం వాళ్ళు పెళ్ళికీ చావుకీ వేసుకునే బట్ట. తెలుగు సంఘం ఫ్యాన్సీ డ్రెస్ పోటీల్లో పిల్లలకి ఎర్రగళ్ళ స్కర్టు కట్టి స్టేజి ఎక్కించడం చూస్తే నాకు బాధేస్తుంది.

మిగతావి నెమ్మదిగా కొనుక్కోవచ్చు. పగటి పెళ్ళికి ఆర్గైల్ జాకెట్ సరిపోతుంది, ప్రిన్స్ చార్లీ అనే జాకెట్ రాత్రి విందులకి. మామూలు తోలు స్పోరన్ (ముందు వేలాడే సంచి), ఊలు మేజోళ్ళు చాలు. పిన్ను పై ఏప్రన్‌కి (ముందు భాగంలో పైన వచ్చే పొరకి) మాత్రమే గుచ్చాలి, కింది పొరతో కలిపి గుచ్చితే బట్ట చిరుగుతుంది. కుట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి కొలతలు ఈ చలికాలంలోనే ఇచ్చేయండి. ఇంటికొచ్చాక కుచ్చెళ్ళ మీద పొడుగాటి తెల్లదారపు టాకాలు ఉంటాయి, దారిలో మడతలు చెదరకుండా వేసినవి. వేసుకునే ముందు కత్తెరతో జాగ్రత్తగా తీసేయండి.