వాన కోసం ఆగకు: పెరట్లో పూల అల్లాలు

నెల్లూరు,
మే 12

చిరంజీవి మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

పూల కోసం పెంచే అల్లం జాతి మొక్కలు, అదే పూల అల్లాల దుంపలు తెప్పించుకున్నానని, వానలు మొదలయ్యాక నాటుతానని రాశావు. చిక్కంతా ఆ రెండో మాటలోనే ఉంది. వానాకాలం రాగానే నాటమని కేరళవాళ్ళు చెబితే వాళ్ళకది సరిపోతుంది, జూన్‌లోనే వాళ్ళకు వాన దిగుతుంది గనక. మనకలా కాదు. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరుల మధ్యే పడుతుంది. మీ ఒంగోలులో జూన్, జులై జల్లులు కాస్త నయమే గానీ అక్కడా పెద్ద వాన అక్టోబరుదే. ఈ మొక్కల్లో కొన్ని పగటి పొద్దు తగ్గేకొద్దీ నిద్రకు సిద్ధమవుతాయి, అంటే ఆకులు ఎండిపోయి మట్టిలో దుంప ఒక్కటే మిగులుతుంది. నువ్వు వాన కోసం కూర్చున్నావంటే అవి పెరిగి పూయాల్సిన నెలలు ఉత్తినే పోతాయి. తీరా అవి పడుకునే వేళకు తుపాను వచ్చి దుంపను నీళ్ళలో నానబెడుతుంది. కుళ్ళు పట్టేది అప్పుడే.

అందుకని దుంపల్ని ఇప్పుడే లేపు. కోకోపీట్‌ను రెండుసార్లు మంచినీళ్ళలో కడిగి పిండు, అందులో ఉప్పు ఉంటుంది. దాన్ని వెడల్పాటి టబ్బులో నాలుగంగుళాలు పరిచి, మొలక వచ్చే కళ్ళు పైకి ఉండేలా దుంపలు పెట్టి, పైన అంగుళం కప్పి వరండాలో ఉంచు. చేత్తో పిండితే చుక్క రాలకూడదు, అరచేతికి చెమ్మ తగిలితే చాలు. మూడు నాలుగు వారాల్లో మొలక వస్తుంది. రోహిణి కార్తె పోనిచ్చి, మృగశిర రాగానే, అంటే జూన్ రెండో వారంలో, బోరు నీళ్ళ మీదే బయట నాటుకో. వీటిలో సయాం తులిప్ అనే రకం నాటిన రెండున్నర, మూడు నెలలకు పూస్తుంది కాబట్టి ఆగస్టు చివరికల్లా నీకు పూలుంటాయి.

నువ్వు రాసిన పేర్లలో నిద్రపోయేవీ ఉన్నాయి, పోనివీ ఉన్నాయి. సయాం తులిప్, గ్లోబా, నేలకు అతుక్కుని పెరిగే కెంఫేరియా నిద్రపోయేవి. వాటిని నేలలో పెట్టొద్దు, పదంగుళాల కుండీలే మేలు. వాన ముంచుకొస్తే చూరు కిందికి జరుపుకోవచ్చు. ఎర్ర పూల అల్లం, షెల్ జింజర్, కోస్టస్ ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి, అవి నేలకు. తెల్లపూల జింజర్ లిల్లీ రెంటికీ మధ్యరకం. దానికి తడి ఎంతున్నా ఫరవాలేదు.

చోటు ఎంచుకునేటప్పుడు ఎండ కన్నా గాలిని ముందు చూడు. మే, జూన్‌లలో పడమటి నుంచి కొట్టే వడగాలికి ఈ వెడల్పాటి ఆకులు ఒక్క మధ్యాహ్నంలో అంచులు మాడి చీలికలవుతాయి. వేరు తాగే నీళ్ళకన్నా ఆకు పోగొట్టుకునేది ఎక్కువైపోతుంది, ఎన్ని నీళ్ళు పోసినా లాభముండదు. ఇంటికి తూర్పునో ఉత్తరానో, పొద్దున పది దాకా ఎండ తగిలి తర్వాత గోడనీడ పడేచోట పెట్టు. పడమర తెరిపిగా ఉంటే నాలుగు అరటి పిలకలు అడ్డంగా వేసెయ్, ఏడాదిలో గోడలా లేస్తాయి. ఈ వేసవికి మాత్రం యాభై శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టక తప్పదు. నెట్ మొక్కకు కనీసం మూడడుగులు పైన ఉండాలి, ఆకులకు ఆనించి కడితే కింద ఉడికిపోతాయి.

మీ నల్లమట్టిలో గుంట తీసి నేరుగా నాటొద్దు. ఎండకు బీటలు వారి వేళ్ళను తెంపుతుంది, వానకు బిగుసుకుని నీటిని వదలదు. నేలమీదే ఇటుకలు పేర్చి తొమ్మిదంగుళాల ఎత్తు మడి కట్టు. అందులో రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కోకోపీట్, ఒక పాలు ఏటి ఇసుక కలుపు. ఇసుక గుండ్లకమ్మదైనా పెన్నదైనా సరే, కొత్తపట్నం బీచి నుంచి మాత్రం తేకు, ఉప్పు. ఎరువు చేతిలో నలిపితే పొడి కావాలి, పేడవాసన రాకూడదు. పచ్చిపేడ వేస్తే వేడికి వేళ్ళు మాడతాయి, పైగా వేరుపురుగు వస్తుంది. మొక్కకు వంద గ్రాముల వేపపిండి కూడా కలిపితే వరిగడ్డి కప్పినప్పుడు చెదల బెడద తగ్గుతుంది. కట్టెల బూడిద మంచిదని ఎవరైనా చెబితే విని ఊరుకో. మీ మట్టిలో క్షారం ఇప్పటికే చాలా ఉంది.

ఎర్ర పూల అల్లం, షెల్ జింజర్ దుంపలు రెండంగుళాల లోతున, మూడేసి అడుగుల ఎడంగా పెట్టు. జింజర్ లిల్లీ దుంప పైభాగం మట్టి మీద కనపడాలి, లోతుగా పాతితే మొలక ఆలస్యమవుతుంది. సయాం తులిప్ దుంపకు వేలాడే చిన్న తెల్ల ముద్దల్ని పనికిరానివి అనుకుని విరిచేస్తారు చాలామంది. మొక్క తిండి దాచుకునేది వాటిలోనే, అవి ఎన్ని ఉంటే పువ్వు అంత బాగా వస్తుంది. కడియం నర్సరీల నుంచి లారీలో వచ్చిన మొక్క కొన్నావంటే దాని వేళ్ళ చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. బకెట్ నీళ్ళలో అరగంట నానబెట్టి ఆ ముద్దను మెత్తగా విడగొట్టాకే నాటు. లేకపోతే నువ్వు పోసే నీళ్ళు పక్కనుంచి జారిపోతాయి, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది.

ఇక నీళ్ళు. మీ బోరు నీళ్ళకు సబ్బు నురగ రాదని రాశావు కదా. నీళ్ళలో కరిగిన ఉప్పెంతో చూపే టీడీఎస్ మీటరు ఒకటి కొను, లేదా ఆర్వో మిషను బాగుచేసే అతన్ని కొలవమను. అయిదొందల లోపైతే దిగులు లేదు. వెయ్యి దాటితే ఆకు కొనలు గోధుమ రంగుకు తిరిగి ఎండుతూ వస్తాయి. అది తెగులు కాదు, ఏ మందు కొట్టినా పోదు. వారానికోసారి మున్సిపాలిటీ నీళ్ళు పొయ్యి, పదిహేను రోజులకోసారి కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పోసి ఉప్పును కడిగెయ్. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళలో ఉప్పు ఉండదు, బకెట్ పట్టుకో. ఆర్వో వదిలేసే నీళ్ళు మాత్రం పొయ్యొద్దు, తీసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. మొదళ్ళ చుట్టూ వరిగడ్డో వేరుశనగ పొట్టో మూడంగుళాలు కప్పితే పోసిన నీళ్ళు నిలుస్తాయి. కాండానికి మాత్రం రెండంగుళాలు ఎడం వదులు.

మొక్క ఊపందుకున్నాక నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే పందొమ్మిది-పందొమ్మిది-పందొమ్మిది ఎరువు లీటరుకు రెండు గ్రాములు కలిపి పక్షానికోసారి పోస్తే సరి. అక్టోబరులో ఆపెయ్.

కత్తెర వేసే చోట రెండు మొక్కలకు రెండు పద్ధతులు, తికమక పడకు. ఎర్ర పూల అల్లం కాండం ఒక్కసారే పూస్తుంది. పువ్వు నల్లబడగానే కాండాన్ని నేలమట్టంగా కోసెయ్, పక్కన కొత్త పిలక బలంగా వస్తుంది. షెల్ జింజర్ నిరుటి కాండానికి పూస్తుంది. ఎర్ర అల్లాన్ని కోసినట్టు ఏటా గుబురంతా నరికితే జన్మలో పూయదు. పూసిన కాండం ఏదో చూసి అదొక్కటే తియ్యి. ఎర్ర అల్లంలో నీకు కనిపించే ఎరుపు నిజానికి పువ్వు కాదు, కాగితంపూలలో లాగానే రంగు మారిన ఆకు. అసలు పువ్వు ఆ పొరల సందులోంచి తొంగిచూసే తెల్లని చిన్నది. అందుకే ఆ రంగు వారాల తరబడి నిలుస్తుంది. పువ్వు ముదిరాక ఆ పొరల్లోనే పిల్లమొక్కలు పుడతాయి. వేళ్ళు కనిపించగానే విడదీసి కోకోపీట్‌లో గుచ్చు.

జింజర్ లిల్లీని బట్టలుతికే గట్టు దిగువన పెడదామనుకుంటావేమో, సబ్బునీళ్ళు దానికి సరిపడవు. ఏసీ నీళ్ళు పడేచోట పెట్టు. సాయంత్రానికి విచ్చుకుని వాసన చిమ్ముతుంది. జడలోకి సరే గానీ మర్నాటికి వాడిపోతుంది, మల్లెలా దండకు పనికిరాదు.

టార్చ్ జింజర్ సంగతి అడిగావు. పది, పన్నెండు అడుగులు లేస్తుంది, గాలిలో చెమ్మ ఎప్పుడూ ఉండాలి, పూతకు రెండేళ్ళు పడుతుంది. మీ పెరటికి వద్దు, డబ్బు దండగ. అంత రంగు కావాలంటే కోస్టస్ వెయ్యి. జానెడు కాండం ముక్క తడి ఇసుకలో పడుకోబెడితే కణుపు కణుపుకీ మొలుస్తుంది. మీ వీధిలో ప్రతి ఇంట్లో ఉండే ఇన్సులిన్ మొక్క దాని చుట్టమే. ఆకు నమిలి షుగరు మాత్ర మానేసేవాళ్ళ మాట పట్టించుకోకు.

ఇంక కుళ్ళు గురించి. ఇది రెండు రకాలు, కలగాపులగం చేస్తే మందు దండగ. అడుగు ఆకులు కొన నుంచి పసుపెక్కి, పిలకను లాగితే చేతికి ఊడివచ్చి, మొదలు మెత్తగా కంపు కొడితే అది నీటి కుళ్ళు. దుంప తవ్వి గట్టిగా తెల్లగా ఉన్నచోటి దాకా కోసి, లీటరు నీటికి మూడు గ్రాముల మాంకోజెబ్ అనే బూజుమందు కలిపి అందులో అరగంట ముంచి, నీడన ఆరబెట్టి కొత్త మట్టిలో పెట్టు. చుట్టుపక్కల మొక్కల మొదళ్ళలో లీటరుకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పొయ్యి. కుళ్ళును అణిచే మేలు బూజు ట్రైకోడెర్మా పొడి వాడాలనుకుంటే కిలో చివికిన ఎరువుకు ఇరవై గ్రాములు కలుపు, కానీ ఈ మందులు పోసిన పదిహేను రోజుల తర్వాతే, ముందు వేస్తే చచ్చిపోతుంది.

అలా కాక ఆకులు పచ్చగా ఉండగానే చుట్టుకుని రెండు మూడు రోజుల్లో మొక్కంతా వాలిపోయిందనుకో, మొదలు దగ్గర కాండం కోసి గాజుగ్లాసులో మంచినీళ్ళలో నిలబెట్టు. కాసేపటికి కోతలోంచి పాలలాంటి దారం దిగితే అది బాక్టీరియా. దానికి మందు లేదు. మట్టితో సహా ఎత్తి పారేసి, కత్తినీ పారనూ కడిగి మంట మీద కాల్చు. వంగ, టమాటా అలా వాలి చచ్చిన మడిలో వీటిని మొదటే పెట్టకపోవడం మంచిది.

నడిమి మొవ్వు ఒక్కటే ఎండి, కాండానికి చిల్లు, చిల్లు దగ్గర రంపపు పొట్టులాంటిది కనిపిస్తే మొవ్వు తొలిచే పురుగు. ఆముదం కాయల్లో దూరేదీ ఇదే. ఆ కాండాన్ని చిల్లుకు దిగువన కోసి కాల్చెయ్, మిగతా వాటికి లీటరుకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం కొట్టు.

లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే మీ సున్నపు మట్టిలో ఇనుము అందడం లేదన్నమాట. లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి వారం ఎడంగా రెండు మూడుసార్లు చల్లు. కలిపిన పూటే వాడెయ్, తుప్పురంగు తిరిగితే పనిచెయ్యదు. గోడకు పడకుండా చూసుకో, మరక పోదు.

హస్త కార్తె దగ్గరపడగానే, సెప్టెంబరు ఆఖరున, సయాం తులిప్ కుండీలకు నీళ్ళు తగ్గించు. ఆకులు పండాక పూర్తిగా ఆపి కుండీని పక్కకు పడుకోబెట్టి చూరు కింద ఉంచు. దుంప తీసి దాచాలంటే అట్టపెట్టెలో పొడి ఇసుక మధ్య పెట్టు. ప్లాస్టిక్ కవరులో మూటకట్టకు, లోపలే చెమ్మ పట్టి బూజు వస్తుంది. పెట్టె మీద పేరు రాసుకో. నిద్రలో అన్ని దుంపలూ వంటింటి అల్లంలాగే ఉంటాయి, మీ అత్తగారు పచ్చడి చేసేయగలరు.

ఆశీస్సులతో,
పెదనాన్న