గొట్టం వేశాక ఆపరేషన్ తప్పదా?

మీ మామగారికి హఠాత్తుగా మూత్రం ఆగిపోయి గొట్టం వేశారని, ఇక ఆపరేషన్ తప్పదా, మందులతో కుదురుతుందా అని అడిగారు. మాది పర్లాకిమిడి. మా నాన్నగారికి 71వ ఏట ఇదే జరిగింది కాబట్టి, వైద్యుణ్ని కాకపోయినా మా అనుభవం చెబుతున్నాను.

ఆ సాయంత్రం చుక్క కూడా రాకపోయేసరికి మా అమ్మ చెంబుల కొద్దీ బార్లీ నీళ్లు తాగించింది. వీధిలోని కంపౌండరు మూత్రం జారీ కావడానికని లాసిక్స్ ఇంజెక్షన్ చేశాడు. దారి మూసుకుపోయిన చోటికి ఇంకా నీరు తోలినట్లయింది. బొడ్డు కింద పొట్ట కుండలా గట్టిపడి, కూర్చోలేక నిలబడలేక ఆయన మంచం పట్టె పట్టుకుని అల్లాడిపోయారు. పాతపట్నం మీదుగా శ్రీకాకుళం తీసుకువెళ్తే, అక్కడ మూత్రాశయంలోకి 16వ నంబరు ఫోలీ గొట్టం వేసిన కాసేపటికే సంచిలో 900 మి.లీ. గీత దాటింది. మామూలుగా 400, 500 మి.లీ. నిండితేనే ఎవరమూ ఆగలేం.

మూత్రాశయం కింద మూత్రనాళం చుట్టూ ఉండే ప్రొస్టేట్ గ్రంథి ఆయనకు అప్పటికే పెరిగి దారిని నొక్కుతోంది. దానికి మూడు రోజులుగా మింగిన జలుబు మాత్రలు తోడయ్యాయి. వాటిలోని కొన్ని మందులు మూత్రాన్ని బయటికి నెట్టే మూత్రాశయపు బలాన్ని తగ్గిస్తాయి, కొన్ని దాని ముఖద్వారాన్ని బిగిస్తాయి. మలబద్ధకం, మద్యం కూడా ఇందుకు కారణం కావచ్చు కాబట్టి మీ మామగారు ఈమధ్య వాడిన మాత్రలన్నీ డాక్టరుకు చూపించండి.

మా తొందర కొద్దీ మర్నాడే గొట్టం తీయించాం. సాయంత్రానికి మళ్లీ వేయవలసి వచ్చింది. రెండోసారి మూత్రాశయపు ముఖద్వారాన్ని వదులు చేసే టామ్సులోసిన్ 0.4 మి.గ్రా. మాత్ర వారం రోజులు వాడాక ఉదయం పూట తీశారు, మధ్యాహ్నానికి ఆయనే వెళ్లి వచ్చారు. (ఆ మాత్రతో లేవగానే కళ్లు తిరుగుతాయి, మొదటి రాత్రి పక్కన మనిషి ఉండాలి.) గ్రంథిని కుదించే ఫినాస్టెరైడ్ పనిచేయడానికి నెలలు పడుతుంది. గొట్టం తీసిన ప్రతిసారీ ఆగిపోయినా, కిడ్నీలు దెబ్బతింటున్నా, మూత్రాశయంలో రాళ్లున్నా కోత లేకుండా మూత్రనాళం గుండానే గ్రంథిని చెక్కే టీయూఆర్‌పీ ఆపరేషన్ మేలు. అప్పుడు వాయిదా వేయడం నాకు తెలివైన పనిగా తోచదు. ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానం కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్ష మాత్రం ఇప్పుడే చేయించకండి, మూత్రం ఆగి గొట్టం వేసిన రోజుల్లో ఆ అంకె ఎక్కువగా చూపించి అనవసరంగా భయపెడుతుంది.

సంచిని మంచం కంటే దిగువన, నేలకు తగలకుండా కట్టండి. చలిజ్వరం వచ్చినా, రక్తపు గడ్డలు పడినా, సంచిలోకి చుక్క రాకుండా పొట్ట ఉబ్బుతున్నా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి బయలుదేరండి.