వెస్ట్రీ బీరువాలోని రిజిస్టర్లు

ప్రశ్న: మా చర్చి సంఘం త్వరలో శతవార్షికోత్సవం జరుపుకోబోతోంది. వెస్ట్రీలోని (ఆరాధన వస్త్రాలు, రికార్డులు ఉంచే చర్చి గది) చెక్క బీరువాలో బాప్తిస్మ, వివాహ, భూస్థాపన రిజిస్టర్లు, కమిటీ మినిట్స్ పుస్తకాలు, పాత ఫొటోలు, ప్రభు భోజనపు వెండి పాత్రలు ఉన్నాయి. కింది అరకు చెదలు పట్టాయి. చిరిగిన పేజీలను లామినేషన్ చేయించి, పాత్రలకు మెరుగు పెట్టించి ప్రదర్శిద్దామని యువజనులు అంటున్నారు. అన్నీ స్కాన్ చేయిస్తే అసలు పుస్తకాలతో ఇక పని లేదని మరికొందరి మాట. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: యువజనుల ఉత్సాహాన్ని నీరుగార్చకండి గానీ, లామినేషన్‌ను మాత్రం తప్పక ఆపించండి. వేడితో అంటించిన ప్లాస్టిక్ పొరను కాగితానికి హాని లేకుండా తిరిగి తీయడం దాదాపు అసాధ్యం. పైగా కాగితంలోనూ, ఇనుముతో చేసిన పాతకాలపు సిరాలోనూ ఉండే ఆమ్లం ఆ పొర కింద తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. సెల్లోటేపు కూడా కొన్నేళ్లకు పసుపుబారి, జిగురు మరకలను అక్షరాల మీదే వదిలిపోతుంది. చిరిగిన పేజీని ఆమ్లరహిత కాగితపు కవరులో అలాగే ఉంచండి. అతుకు వేయక తప్పదనుకుంటే జపనీస్ టిష్యూతో (పలుచగా ఉన్నా గట్టిగా ఉండే నార కాగితం), గోధుమ పిండి జిగురుతో పనిచేసే నిపుణులకే అప్పగించాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలోనో, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనో విచారిస్తే దారి దొరుకుతుంది.

అన్నిటికంటే ముందు కింది అరను ఖాళీ చేసి, చెదలు తగిలిన పుస్తకాలను వేరుగా పెట్టండి. గోడకు, నేలకు చెదల మందు కొట్టించవచ్చు; పుస్తకాల మీద మాత్రం చుక్క కూడా పడకూడదు. తరువాత వాటిని గోడకు జానెడు ఎడంగా, నేలకు ఎత్తుగా ఉంచిన ఇనుప బీరువాలోకి మార్చండి. వానాకాలంలో చెమ్మగిల్లిన రిజిస్టర్లను ఎండలో పరిచే అలవాటు మన ఊళ్లో ఎక్కువే. అది సిరాను వెలవెలబోయేలా చేస్తుంది. పేజీల మధ్య బ్లాటింగ్ కాగితం పెట్టి, ఫ్యాను గాలికి నీడపట్టున ఆరనివ్వడమే మేలు.

పాత్రల మెరుగు సంగతి: పాలిష్ చేసిన ప్రతిసారీ కొంత వెండి అరిగిపోతుంది, దానితోపాటు దాతల పేర్లు, సంవత్సరాలు చెక్కిన గీతలూ అరిగిపోతాయి. గోరువెచ్చని నీటితో కడిగి, మెత్తని నూలు గుడ్డతో తుడిస్తే చాలు.

స్కానింగ్ అవసరమే, కానీ అది అసలుకు బదులు కాదు. కుట్టు పుస్తకాన్ని స్కానరు మీద బోర్లించి నొక్కకుండా, పైనుంచి కెమెరాతో ఫొటోలు తీయించి, మూడు ప్రతులు చేసి, ఒకదాన్ని చర్చి ఆవరణకు బయట భద్రపరచండి. వాటిని ఇంటర్నెట్‌లో పెట్టవద్దు. జీవించి ఉన్నవారి పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల పేర్లు అందులో ఉంటాయి.

నా దృష్టిలో బీరువాలో అత్యంత విలువైనవి వెండి పాత్రలు కావు, ఎవరూ పట్టించుకోని మినిట్స్ పుస్తకాలు. బ్రిటిష్ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్తిస్మ, వివాహ, భూస్థాపన వివరాల నకళ్లు లండన్‌కు వెళ్లేవి; అవి నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మీ సంఘంలో ఎవరు ఎంత చందా ఇచ్చారో, ఏ గొడవ ఎలా తీరిందో చెప్పే తెలుగు మినిట్స్‌కు అలాంటి నకలు ఉంటుందని ఆశించలేము. మీది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘమైతే, ఆ సభ ఏర్పడిన 1947 సెప్టెంబరు 27కు ముందరి మిషను కాగితాలను తరువాతి వాటితో కలపకుండా, ఉన్న వరుసలోనే ఉంచండి. మిషనరీల ఉత్తరప్రత్యుత్తరాల కోసం బెంగళూరులోని యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్‌ను సంప్రదించవచ్చు.

ఫొటోల విషయంలో ఆలస్యం కూడదు. ప్రతి ఫొటోకు ఒక నంబరు వేసి, సంఘంలోని పెద్దలను కూర్చోబెట్టి, అందులో ఎవరెవరున్నారో అడిగి ఆ నంబరు కింద నోటు పుస్తకంలో రాయించండి. ప్రదర్శనలో నకళ్లనే గోడకు పెట్టండి. అసలు రిజిస్టరు ఒక్కటి చూపాలనుకుంటే కిటికీ వెలుతురు తగలని చోట, గాజు పెట్టెలో, ఉత్సవం జరిగే ఆ కొద్ది రోజులు మాత్రమే తెరిచి ఉంచండి.