ఫిక్స్‌డ్ గేర్ సైకిలుకు ముందు బ్రేకు తప్పనిసరా?

ప్రశ్న: లండన్‌లో చదువుకుంటున్నాను. పాత రోడ్ సైకిల్ ఫ్రేము కొని, గేర్లు, బ్రేకులు తీసేసి ఫిక్స్‌డ్ గేర్‌గా, అంటే పెడల్‌తో పాటే వెనక చక్రం తిరిగేలా మార్చుకున్నాను. పెడల్‌ను బిగబట్టితే చక్రం ఆగుతుంది కాబట్టి బ్రేకులు అక్కర్లేదని మిత్రులు అంటున్నారు. చట్టం ఏమంటోంది?

జవాబు: గేర్లు తీసేయడం తప్పేమీ కాదు. సైకిలుకు రిజిస్ట్రేషన్ లేదు కనుక ఎవరి అనుమతీ అవసరం లేదు. కానీ మీ మిత్రుల మాట సగమే నిజం. బ్రిటన్‌లో 1983 నాటి పెడల్ సైకిళ్ల నిబంధనల ప్రకారం, సీటు ఎత్తు 635 మిల్లీమీటర్లకు తగ్గని సైకిలుకు ముందు, వెనక చక్రాలకు వేర్వేరు బ్రేకులు ఉండాలి. పెడల్‌తో పాటే వెనక చక్రం తిరిగే సైకిలుకు వెనక బ్రేకు విషయంలో మాత్రమే మినహాయింపు ఉంది. ముందు బ్రేకు ఉండి తీరాలి, సరిగ్గా పనిచేయాలి కూడా. సైకిలు పందేల కోసం కట్టిన వెలోడ్రోమ్ ట్రాక్‌పై బ్రేకుల్లేని సైకిళ్లు తిరుగుతాయి, నిజమే. అది రోడ్డు కాదు.

మామూలుగా ఇది జరిమానాతో పోయే నేరం. ప్రమాదం జరిగితే అలా కాదు. 2016 ఫిబ్రవరిలో లండన్‌లోని ఓల్డ్ స్ట్రీట్‌లో ముందు బ్రేకు లేని ఫిక్స్‌డ్ గేర్ సైకిలు ఢీకొని, రోడ్డు దాటుతున్న ఇద్దరు పిల్లల తల్లి చనిపోయారు. నడిపిన కుర్రాడికి అప్పటికి 18 ఏళ్లు. మ్యాన్‌స్లాటర్, అంటే హత్య కాని ప్రాణనష్టం అభియోగం నుంచి జ్యూరీ అతన్ని విముక్తుణ్ణి చేసింది. అయినా గుర్రపు బండ్ల కాలంలో, 1861లో చేసిన చట్టంలోని 35వ సెక్షన్ కింద దోషిగా తేల్చింది. 2017లో 18 నెలల శిక్ష పడింది.

మీరు వీసాపై ఉన్నారు కాబట్టి ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను. 12 నెలలు, ఆపైన జైలు శిక్ష పడిన విదేశీయుణ్ణి, కొన్ని మినహాయింపులు తప్ప, దేశం నుంచి పంపించాలని 2007 నాటి సరిహద్దుల చట్టం చెబుతోంది. ఒక్క బ్రేకు తీగ కోసం అంత దూరం తెచ్చుకోవద్దు.

మీ వెనక హబ్ (చక్రం నడిమి భాగం) రెండు వైపులా వాడేది, అంటే ఒకవైపు ఫిక్స్‌డ్ పళ్లచక్రం, రెండోవైపు పెడల్ ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీల్ ఉన్నదైతే ఇంకో జాగ్రత్త అవసరం. చక్రాన్ని ఊడదీసి, వైపు మార్చి ఫ్రీవీల్ వైపు బిగించిన క్షణం నుంచి మినహాయింపు పోతుంది, రెండు బ్రేకులూ ఉండాలి. అందుకే తీసిన వెనక బ్రేకును పారేయకండి. ముందు బ్రేకును మాత్రం ఈరోజే బిగించండి. అంతవరకు సైకిలెక్కకుండా చేత్తో నడిపించుకుంటూ వెళ్లండి.