ఇరవయ్యారు గంటల నవల వినబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

ఎలిజబెత్ కోస్టోవా రాసిన ‘ది హిస్టోరియన్’, అదే డ్రాకులా అనే రక్తపిశాచి కోసం వెతికే కథ, ఆడియోలో మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. అంత పెద్ద ఇంగ్లీషు నవల, అదీ విని అర్థం చేసుకుంటానన్నావంటే గర్వంగా ఉంది. దాంతోపాటు ఓ దిగులూ పట్టుకుంది. అదే ముందు చెప్పేస్తాను. స్కూటీ మీద ఉన్నా, రోడ్డు దాటుతున్నా ఇయర్‌ఫోన్స్ చెవిలో పెట్టకు. ఒక చెవికే పెట్టుకున్నానని వాదించకు. కథలో మునిగిన మనిషికి రెండో చెవి తెరిచున్నా హారన్ వినపడదు.

కొనేటప్పుడు ‘అన్‌అబ్రిడ్జ్‌డ్’ (కుదించనిది) అని ఉందో లేదో చూడు. పూర్తి నవల సుమారు 26 గంటలు, రోజుకో గంట చొప్పున నెలలోపే అయిపోతుంది. వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకో.

ఇక అందరూ తప్పటడుగు వేసే చోటు గురించి. కథ చెప్పే అమ్మాయికి 1972లో పదహారేళ్లు, ఉండేది ఆమ్‌స్టర్‌డామ్‌లో. తండ్రి ఆమెకు 1950ల నాటి తన కథ చెబుతాడు. అందులో ఆయన గురువు రోసీ రాసిన 1930 నాటి ఉత్తరాలు వస్తాయి. ముగ్గురూ ‘నేను’ అనే మాట్లాడతారు. పైగా గురువూ, శిష్యుడూ ఇద్దరూ ఇస్తాంబుల్ వెళ్తారు! అచ్చు పుస్తకమైతే పేజీ వెనక్కి తిప్పి తేల్చుకుంటాం. వినేటప్పుడు ఊరూ, ఏడూ ఒక్కసారి చెవిన పడి వెళ్లిపోతాయి. పరధ్యానంగా ఉన్నావో, ఎవరి కథో తెలియకుండానే గంట గడిచిపోతుంది.

అందుకని ఓ కాగితం మీద మూడు గడులు గీసుకో: 1930, 1950లు, 1972. అధ్యాయం మొదలవగానే ఆపి, మాట్లాడేది ఎవరో, ఏ ఊళ్లోనో ఆ గడిలో రాసుకో. పేర్ల స్పెల్లింగ్ వెతుక్కోకు, వినపడినట్టు తెలుగులో రాసెయ్. దారి తప్పితే 30 సెకన్లు వెనక్కి జరపడం చాలదు, అధ్యాయం మొదటికే వెళ్లు. మొదటి రెండు గంటలూ మామూలు వేగంలోనే విను. గొంతులు అలవాటయ్యాక 1.25 పెట్టుకో. 1.5 మాత్రం వద్దు తల్లీ, ఇది తొందరపడి వినే కథ కాదు.

మొదలుపెట్టే ముందు ఓ అరగంట చరిత్ర చదువు. డ్రాకులా అని పేరుపడ్డ మూడో వ్లాడ్, ఇప్పటి రుమేనియాలో ఉన్న వలేకియాను నిజంగా ఏలినవాడే. అతని తండ్రి 1431లో డ్రాగన్ సంఘం అనే వీరుల కూటమిలో చేరాడు, డ్రాకులా అన్న పేరు అలా వచ్చిందే. ఒట్టోమన్ సుల్తాను రెండో మెహ్మద్ 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ను (ఇప్పటి ఇస్తాంబుల్) గెలిచి, 1462లో వలేకియా మీదికి దండెత్తాడు. ఇదంతా జరిగింది. చచ్చినవాడు లేచి తిరగడం మాత్రం కల్పన. చరిత్ర ఎక్కడ ముగిసి కల్పన ఎక్కడ మొదలవుతుందో తెలిస్తే కథ ఇంకా బాగుంటుంది.

రాత్రి లైటార్పి వింటావట! వింటే విను గానీ, స్లీప్ టైమర్ అరగంటకు పెట్టు. లేకపోతే నువ్వు నిద్రపోయినా కథ సాగిపోతుంది, తెల్లారి ఎక్కడ ఆగావో వెతుక్కోవాలి. భయమేస్తే ఆపేసి లైటు వేసుకో, ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి. బ్లూటూత్‌కి ఛార్జింగ్ మధ్యలో అయిపోతుంది కదా, వైరు ఇయర్‌ఫోన్స్ ఒకటి అన్నయ్యతో పంపిస్తున్నాను.

పెద్దనాన్న